తడిసిన తాడు మీద గిట్టముద్ర

నెమలేరు అడవిలో ఆ ఏడాది గాదెల కట్టుబడి మొదలైంది. అంతకు ముందు వానాకాలంలో ఏరు పొంగి, నేలమీద దాచుకున్న గింజలన్నీ కొట్టుకుపోయాయి. ఉడుతలు, కుందేళ్ళు, అడవిపందులు రెండు నెలలపాటు దొరికిన బెరడు నమిలి బతికాయి. దాంతో అడవి పంచాయితీ కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చింది. ఏటికి తూర్పొడ్డున ఒకటి, పడమటొడ్డున ఒకటి, తాటిచెట్టంత ఎత్తున రెండు రాతి గాదెలు లేవాలి. తొలకరి పడేలోపు పని పూర్తి కావాలి.

పని పట్టింది నక్క పానకాలు. మోదుగ చెక్క మీద “పానకాలు అండ్ కంపెనీ” అని బోర్డు కూడా రాయించుకున్నాడు. కంపెనీ అంటే పానకాలు, పానకాలు నాలుక, అంతే. రాళ్ళు ఎత్తేదీ, మట్టి మోసేదీ, పరంజా ఎక్కేదీ అంతా కొండముచ్చులు. ఒక్కో ఒడ్డున ఇరవై మంది.

పంచాయితీ పెద్ద ఏనుగు మహలక్ష్మమ్మ పని అప్పగించేటప్పుడే షరతులు చెప్పింది. పరంజా ఎక్కే ప్రతి ఒక్కరి నడుముకూ తాడు ఉండాలి, తలకు సొరబుర్ర టోపీ ఉండాలి. అవి ఉన్నాయని తనిఖీలో తేలితేనే ముద్ర. పనిలో ఎవరైనా పడితే, తప్పు కంపెనీదైతే ఏడాది పొడవునా ఆ ఇంటికి కంపెనీయే తిండి పెట్టాలి. తాడు ఇచ్చినా కట్టుకోక పడితే మాత్రం ఎవరూ ఏమీ పెట్టనక్కర్లేదు. రెండు గాదెలకూ ముద్రలు తెచ్చుకున్న కంపెనీకే వచ్చే ఏడు లోయ మీద వంతెన పని. అది వంద మంది కొండముచ్చుల పని.

షరతులన్నిటికీ పానకాలు తోక ఊపాడు. వంతెన అన్న మాట దగ్గర మరీ గట్టిగా ఊపాడు.

“పానకాలు గారూ, తాళ్ళెప్పుడిస్తారండీ?” అని అడిగింది నూకాలు ఒకనాడు. నూకాలు తూర్పొడ్డున మట్టి తట్టలు మోసే కొండముచ్చు. ఇద్దరు పిల్లల తల్లి. నోరు కొంచెం పెద్దదే, పని అంతకంటే పెద్దది.

“నీకు తాడా?” నక్క పళ్ళన్నీ బయటపెట్టాడు. “పుట్టిందే చెట్టు మీద పుట్టావు. కొండముచ్చుకి నడుం తాడంటే చేపకి ఈత బుర్ర కట్టినట్టు ఉంటుందమ్మా.”

“చెట్టు మీద తల మీద తట్ట ఉండదు కదండీ. ఇక్కడ రెండు చేతులూ తట్టకే సరిపోతున్నాయి. మిగిలిన రెండు కాళ్ళతో వెదురు మీద నడవాలి. తోక ఒక్కటే కాస్త నిలబెడుతోంది.”

“చెప్పానమ్మా ఉడుతలకి. జనపనార నానబెట్టారు. పేనడమే తరువాయి.”

“పదిహేను రోజుల నించీ అదే నార నానుతోందండీ.”

“నీకు పని కావాలా, తాడు కావాలా? ఆ ఒక్క ముక్క చెప్పు, చాలు.”

నూకాలు తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. పిల్లలున్న ఇల్లు కదా, ఇంకేం చెబుతుంది.

నిజానికి తాళ్ళు తయారయ్యాయి. కాకపోతే ఇరవై మాత్రమే తయారయ్యాయి. ఇరవై తాళ్ళు, ఇరవై సొరబుర్రలు. రెండు ఒడ్డులకూ కలిపి నలభై కావాలి. ఒక్కో తాడు పేనడానికి ఉడుతలకు పూట పడుతుంది. ఆ పూటలో అవే ఉడుతలు పరంజాకి నాలుగు ముడులు వేస్తాయి, గోడ ఇంకో జానెడు లేస్తుంది. తనిఖీకి వచ్చేవాడు ఒక్కడే కదా, ఒక్కడు ఒకేసారి రెండు ఒడ్డుల మీదా ఉండడు కదా అని పానకాలు లెక్క వేసుకున్నాడు. ఆ ఇరవై కూడా వాడితే నలుగుతాయని కొట్లో పెట్టి తాళం వేశాడు.

ఇక ఆ వచ్చేవాడి సంగతి. తనిఖీ చేసేది ఎద్దు కోటిలింగం. ఈయన గురించి చెప్పాల్సి వచ్చేసరికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే ఈయన మంచివాడు. చెడ్డవాడి తప్పు చెప్పడం సరదాగా ఉంటుంది. మంచివాడి తప్పు చెబుతుంటే మనకే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

కోటిలింగం పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. తాడు సంగతి ఎద్దుకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? పుట్టినప్పటి నుంచీ మెడకో తాడు, ముక్కుకో తాడు. అందుకని ఆయన తనిఖీ కళ్ళతో కాదు, నోటితో. ప్రతి తాడునీ పళ్ళ మధ్య పట్టుకుని, కాళ్ళు నేలకి తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజుతాడు. తెగితే పక్కన పారేస్తాడు, తెగకపోతే తల ఊపుతాడు. అన్నీ బాగుంటే లేత టేకాకు నలిపి, వచ్చిన ఎర్రటి రసంలో గిట్ట ముంచి, వెడల్పాటి టేకాకు మీద అదుముతాడు. ఆ ఆకుని పరంజా మొదట్లో గుంజకి కుట్టేస్తారు. కోటిలింగం ముద్ర పడిన పరంజా అంటే తల్లి తన పిల్లని సంకనేసుకుని ఎక్కేది. ఆయనకు పేరు అలాంటిది, ఆ పేరంటే ఆయనకు ప్రాణం కూడా.

ఒక్కటే లోటు. ఎద్దు పరంజా ఎక్కలేదు. మూపురం అడ్డం వచ్చి మెడ పైకి ఎత్తి చూడనూ లేదు. అందుకని సామాన్లన్నీ కింద వరసగా పరిచి పెట్టడం, ఆయన వచ్చి లాగి చూసుకోవడం మొదటి నుంచీ ఆచారం. పన్నెండేళ్ళలో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు, ఆయన కూడా పట్టలేదు.

తనిఖీ రోజున తూర్పొడ్డున ఇరవై తాళ్ళు, ఇరవై టోపీలు వరసగా ఉన్నాయి. పానకాలు ఎదురొచ్చాడు.

“రండి అన్నగారూ, రండి! మీరొస్తే మా పనికే కళ వస్తుంది.”

“కళ సంగతి తరవాత. తాళ్ళేవి?” అన్నాడు కోటిలింగం.

ఒక్కో తాడూ నోట పట్టాడు, గుంజాడు. ఇరవై సార్లు గుంజాడు. ఒక్కటీ తెగలేదు. తాళ్ళు మంచివే మరి, అందులో పానకాలు మోసం చెయ్యలేదు.

నూకాలు దగ్గరికొచ్చి నిలబడింది. “పైన కూడా ఓసారి చూడు మావా.”

“నా మెడ లేవదు కదే అమ్మాయ్. కిందవి బాగుంటే పైనా బాగున్నట్టే.”

“కిందా పైనా ఒకటి కాదు మావా...”

“నూకాలూ, మేస్త్రి పిలుస్తున్నాడు చూడు!” అని పానకాలు అరిచాడు. మేస్త్రి అప్పన్న నిజానికి ఎవరినీ పిలవలేదు. అయినా నూకాలు వెళ్ళక తప్పలేదు.

కోటిలింగం గిట్ట ముంచి ముద్ర వేశాడు. పానకాలు ఆ ఆకుని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

“ఇక పడమటొడ్డుకి పోదాం,” అన్నాడు ఎద్దు.

“పోదాం అన్నగారూ, ఎంతసేపు! పొద్దున్నించీ పళ్ళు నొప్పెట్టేలా లాగారు. ఈ నీడన రెండు గుక్కల కుడితి తాగండి.”

అక్కడ ఉన్నది రెండు గుక్కలు కాదు. తొట్టి నిండా తెలగపిండి కలిపిన కుడితి, పక్కన ఉడకబెట్టిన ఉలవలు, దాని మీద ఇంత బెల్లం. కోటిలింగం వద్దు వద్దంటూనే మూతి పెట్టాడు. మూతి పెట్టాక తొట్టి అడుగు కనిపించే దాకా తియ్యలేదు. తిన్న ఎద్దు నెమరు వెయ్యకుండా లేవదని పానకాలుకి తెలుసు. కోటిలింగం కాళ్ళు ముడుచుకుని, కళ్ళు అరమోడ్చి, తీరిగ్గా నెమరు మొదలుపెట్టాడు.

ఆయన నమిలేది ఒక్కో ముద్దే. ఈలోగా గాడిద భద్రయ్య వీపున రెండు గోతాలు పడ్డాయి. భద్రయ్య అడ్డదారిన రేవులో దిగి, ఏరు దాటి, పడమటొడ్డున గోతాలు దించాడు. అక్కడి కొండముచ్చులు గబగబా తాళ్ళు తీసి వరసగా పరిచారు.

జాము పొద్దు గడిచాక కోటిలింగం పడమటొడ్డు చేరాడు. వరస చూశాడు. ఇరవై ఉన్నాయి. మొదటి తాడు నోట పట్టాడు.

పట్టి, గుంజకుండా ఆగిపోయాడు.

తాడు తడిగా ఉంది. అక్కడక్కడా జిగటగా ఉంది. తెలగపిండి తినకముందు పొద్దున ఆయన నోట్లో ఉన్న పచ్చిగడ్డి వాసన, ఆ తాడు మీద ఉంది. రెండోది పట్టాడు. అదే చెమ్మ. మూడోది పట్టాడు. తన పళ్ళ గాటు తన నాలుకకు తగిలింది. ఎద్దుకి ఇంకొకరి చొంగ మీద అనుమానం రావచ్చు గానీ తన చొంగ మీద రాదు.

“ఏం పానకాలూ, తాళ్ళు తడిగా ఉన్నాయేం?”

“రాత్రి జల్లు పడిందండి అన్నగారూ, ఈ ఒడ్డున.”

నేల పొడిగా ఉంది. కోటిలింగం నేల చూశాడు, నక్క మొహం చూశాడు. ఆ మొహంలో భయం లేదు. కాస్త నవ్వు మాత్రం ఉంది. తొట్టి ఖాళీ చేసినవాడితో ఏం భయం అన్నట్టుంది ఆ నవ్వు.

ఇప్పుడు కోటిలింగం చెయ్యాల్సింది ఒక్క మాట అనడం. ఇవి పొద్దున నేను చూసిన తాళ్ళే అనడం. ఆ మాట అంటే వెంటనే రెండో మాట వస్తుంది. అయితే పొద్దున వేసిన ముద్ర సంగతేమిటని నలుగురూ అడుగుతారు. తాళ్ళు ఏరు దాటుతుంటే తమరేం చేస్తున్నారని అడుగుతారు. ఉలవలు నెమరేస్తున్నానని చెప్పాలి. పన్నెండేళ్ళుగా కోటిలింగం కళ్ళు కప్పినవాడు లేడని పేరు. ఇరవై మంది కొండముచ్చులు చుట్టూ నిలబడి ఆయన నోటివైపే చూస్తున్నారు.

ఆయన నాలుగో తాడు పట్టాడు, గుంజాడు. అయిదోది పట్టాడు, గుంజాడు. ఇరవై వరకూ గుంజాడు. తన చొంగని తానే ఇరవై సార్లు రుచి చూశాడు. తరవాత టేకాకు నలిపి ముద్ర వేశాడు.

ఇంటికి వెళ్ళే దారిలో తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తాళ్ళు గట్టివే కదా. నాలుగు రోజుల్లో మిగతా ఇరవై కూడా పేనేస్తారు కదా. కొండముచ్చులు చెట్ల మీద బతికేవాళ్ళే కదా. ఇలా అన్నీ నక్క మాటలే తన నోటితో అనుకున్నాడు. పాపం, ఆయనకా సంగతి తెలిసే ఉంటుంది, అందుకే ఆ పూట గడ్డి ముట్టలేదు.

మూడో నాటి పొద్దున నిజంగానే జల్లు పడింది. వెదురు మీద నీళ్ళు నిలిచాయి. తూర్పొడ్డున నూకాలు పరంజా కింద తట్ట పట్టుకుని ఆగింది.

“అప్పన్న బాబాయ్, బొంగులు జారుతున్నాయి. ఇయ్యాలైనా తాడివ్వరా?”

మేస్త్రి అప్పన్న ముసలి కొండముచ్చు. కొట్టు తాళం ఆయన చేతిలో లేదు. “ముద్ర పడింది కదే నూకాలూ. కోటిలింగం చూసి వేశాడు. ఆయన వేశాడంటే పరంజా గట్టిదన్నట్టే. తాడు లేకపోయినా ఏం కాదులే.”

నూకాలు గుంజకి కుట్టిన టేకాకు వైపు చూసింది. ఎర్రటి గిట్ట ముద్ర స్పష్టంగా ఉంది. తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కింది.

అయిదో వరస బొంగు మీద కాలు జారింది. రెండు చేతులూ తట్ట మీద ఉన్నాయి. తోక బొంగుకి చుట్టుకుంది, కానీ తట్ట బరువూ తన బరువూ ఒక్క తోక మీద పడేసరికి మొదట్లో పుటుక్కుమంది. నూకాలు రాళ్ళ కుప్ప మీద పడింది.

ప్రాణం పోలేదు. తుంటి ఎముక విరిగింది, తోక మొదలంటా పోయింది. తోక లేని కొండముచ్చు ఇక చెట్టెక్కదు, పరంజా అసలెక్కదు. నేలమీద కుంటుతూ బతకాలి.

పానకాలు పరుగున వచ్చాడు. నూకాలుని చూడకముందే కొట్టు తాళం తీశాడు. ఏరు దాటి మళ్ళీ అక్కడికే చేరిన ఇరవై తాళ్ళలో ఒకటి తెచ్చి పరంజా గుంజకి వేలాడదీశాడు. అప్పుడు గుండెలు బాదుకున్నాడు.

“అయ్యో నూకాలూ! తాడు ఇక్కడే ఉంది కదమ్మా! కట్టుకోమంటే కట్టుకోకపోతివి! ఇంత భద్రత పెట్టుకుని, ముద్ర వేయించుకుని, మేమేం చేసేది!”

అంతే. ఆ ముద్ర ఎవరి కోసం వేశారో, వాళ్ళ నోరు నొక్కడానికే అది పనికొచ్చింది. తాడు ఉంది, ముద్రే సాక్ష్యం, కట్టుకోని తప్పు నూకాలుది. ఏడాది తిండి పెట్టనక్కర్లేదు. పిల్లలిద్దరూ రేపటి నుంచి ఏం తింటారో పానకాలుకి అనవసరం.

కబురు విని కోటిలింగం నూకాలు దగ్గరికి వెళ్ళాడు. పొద కింద ఎండుగడ్డి పరిచి పడుకోబెట్టారు. పిల్లలిద్దరూ తల్లి తోక ఉండాల్సిన చోట ఆకు పసరు పెట్టి, ఈగలు తోలుతున్నారు.

“ఎలా ఉంది అమ్మాయ్?”

“బతికాను మావా.” నూకాలు మొహం తిప్పకుండానే మాట్లాడింది. తిప్పితే నొప్పి. “నువ్వేం బాధపడకు. నీ తప్పేముంది? వాళ్ళు చూపించినవి నువ్వు చూశావు. వాళ్ళు మోసం చేస్తే నీకెలా తెలుస్తుంది?”

కోటిలింగం నోరు తెరిచాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. అవతల పిల్ల ఒకటి ఆయన వైపు చూసి, కూర్చోడానికని గడ్డి కాస్త జరిపింది. ఆయన నోరు మూసుకుని, వస్తానని కూడా చెప్పకుండా బయటికి వచ్చేశాడు. ఇది రాస్తుంటే నాకే తల ఎత్తబుద్ధి కావడం లేదు, ఆయనకెలా ఉండి ఉంటుందో.

మర్నాడు పొద్దున్నే తూర్పొడ్డున ఇసుక మీద పంచాయితీ పెట్టారు. నూకాలుని కావడి బుట్టలో మోసుకొచ్చారు. మహలక్ష్మమ్మ మధ్యలో నిలబడింది. తూర్పొడ్డు పని ఆగిపోయింది. పడమటొడ్డు పని మాత్రం పానకాలు ఆపనివ్వలేదు. తొలకరి తరుముకొస్తుంటే ఒక్క పూట కూడా పోగొట్టుకోలేనన్నాడు.

“చెప్పు పానకాలూ,” అంది ఏనుగు. “నూకాలుకి తాడు ఇచ్చావా?”

“ఇచ్చానమ్మగారూ. ఒక్క నూకాలుకేనా? తూర్పొడ్డున ఇరవై మందికీ ఇరవై ఇచ్చాను. ముద్రే ఉంది.”

“మాకివ్వలేదమ్మగారూ,” అని అప్పన్న గొణిగాడు.

“నీ మాటకి ముద్రుందా?” అని నక్క గయ్యిమన్నాడు. అప్పన్న తల దించేసుకున్నాడు.

అప్పుడు కోటిలింగం ముందుకు వచ్చాడు. పానకాలు మొహం విప్పారింది. తన సాక్షి తనే నడిచి వస్తున్నాడనుకున్నాడు.

“పానకాలూ, ఆ ఇరవై తాళ్ళూ ఇప్పుడున్నాయా?”

“ఎందుకు లేవు అన్నగారూ! దొంగ సొమ్మా దాచుకోవడానికి?”

“అయితే తెచ్చి పంచాయితీ ముందు పెట్టు. మళ్ళీ లాగి చూస్తాను. ఇరవైకి ఇరవై ఉంటే నూకాలుదే తప్పని తేలిపోతుంది.”

కొండముచ్చులంతా ఒక్కసారి గొల్లుమన్నారు. నూకాలు కళ్ళు మూసుకుంది. పానకాలు సంబరంగా భద్రయ్యని కేకేశాడు. గాడిద గోతాలు మోసుకొచ్చి ఇసుక మీద బోర్లించాడు.

కోటిలింగం తాళ్ళు ఒక్కొక్కటిగా నోట పట్టి, గుంజి, పక్కన పెట్టాడు. పక్కనే పానకాలు గొంతెత్తి లెక్కపెట్టాడు. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై.

“చూశారా అమ్మగారూ! ఒక్కటి తగ్గిందా? ఒక్కటి తెగిందా?”

“తగ్గలేదు,” అన్నాడు కోటిలింగం. “ఇవి తూర్పొడ్డు తాళ్ళే కదా?”

“తూర్పొడ్డువే. అణువణువూ తూర్పొడ్డువే. మీరే కదా ముద్ర వేశారు!”

“పడమటొడ్డు వాళ్ళవి వేరే ఇరవై ఉన్నాయి కదా?”

“ఉన్నాయి. వాటికీ ముద్ర ఉంది.”

“ఇప్పుడు అక్కడ పని జరుగుతోంది. అంటే ఆ ఇరవై తాళ్ళూ వాళ్ళ నడుములకే ఉండాలి.” ఎద్దు ఏనుగు వైపు తిరిగాడు. “అమ్మా, నా మెడ పైకి లేవదు. మీరు ఒకసారి అటు చూసి చెప్పండి.”

మహలక్ష్మమ్మ తల ఎత్తి ఏటి అవతలికి చూసింది. ఆమెతోపాటు పంచాయితీ అంతా చూసింది. పొద్దుటి ఎండలో పడమటి గాదె నిలువునా కనిపిస్తోంది. పరంజా మీద ఇరవై మంది కొండముచ్చులు రాళ్ళు అందించుకుంటున్నారు. నడుముకి తాడున్నవాడు ఒక్కడూ లేడు. తలకి టోపీ ఉన్నవాడూ లేడు.

పానకాలు కూడా చూశాడు.

“అవి... ఉతికి ఆరేశామండి.”

“ఇరవై తాళ్ళూ ఒకేసారా?”

“మురికి పట్టాయని...”

“ఎక్కడ ఆరేశారో చూపించు, వస్తాను,” అని మహలక్ష్మమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఏనుగు వేసిన ఒక్క అడుగుకే నక్క ఇసుకలో చతికిలబడ్డాడు.

కొండముచ్చులు ఎగిరి గంతులేశారు. “పట్టేశాడురా మా కోటిలింగం మావ! వాడి నోటితోనే వాడికి గడ్డి పెట్టాడు!” అప్పన్న వచ్చి ఎద్దు గంగడోలు నిమిరాడు. పంచాయితీ అంతా ఆయన్నే మెచ్చుకుంటోంది. కథ ఇక్కడ ఆపెయ్యొచ్చు. కోటిలింగం కూడా ఇక్కడ ఆపెయ్యొచ్చు. నక్క చెప్పడు, ఇంకెవరికీ తెలియదు. పన్నెండేళ్ళ పేరుకి ఇంకాస్త మెరుపు వచ్చేది.

“ఆగండి,” అన్నాడు కోటిలింగం. “నన్ను మెచ్చుకోకండి. నాకిది ఇవాళ తెలిసిన సంగతి కాదు.”

గంతులు ఆగిపోయాయి.

“తనిఖీ రోజునే తెలుసు. పడమటొడ్డున మొదటి తాడు నోట పట్టగానే తెలిసింది. దాని మీద నా చొంగే ఉంది. పొద్దున తూర్పొడ్డున లాగినప్పటి చొంగ. వీడు పెట్టిన ఉలవలు తిని, నెమరేస్తూ కూర్చున్నాను. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గేసింది. చెబితే మొదటి ముద్ర కూడా తప్పని తేలుతుంది. అందుకని తెలిసే రెండో ముద్ర వేశాను.”

అప్పన్న చెయ్యి గంగడోలు మీద నుంచి మెల్లగా జారిపోయింది.

బుట్టలోంచి నూకాలు అడిగింది. “ఆ రోజే చెబితే ఏమయ్యేది మావా?”

“పని ఆగేది.”

“నేను ఎక్కేదాన్ని కాదు.”

“కాదు.”

నూకాలు బుట్ట అంచు పట్టుకుని ఆయన వైపు తిరిగింది. “నిన్న నా దగ్గరికొచ్చావు. నీ తప్పేం లేదు మావా, బాధపడకు అని నేనే నీకు ధైర్యం చెప్పాను. తుంటి విరిగి పడుకున్నదాన్ని, నిన్ను ఓదార్చాను. అప్పుడైనా చెప్పలేకపోయావా?”

కోటిలింగం తల ఇంకా కిందికి వంచాడు.

తీర్పుకి ఎంతోసేపు పట్టలేదు. రెండు టేకాకులూ చించేశారు. నూకాలు ఇంటికి ఏడాది తిండి పానకాలు పెట్టాలి, తనే మోసుకెళ్ళి పెట్టాలి. నలభై తాళ్ళూ పేనే దాకా రెండు ఒడ్డులా పని బందు. వంతెన పని మీద పానకాలు ఆశ వదులుకోవాల్సిందే. బోర్డు చెక్కని పొయ్యిలోకి కొట్టమన్నారు. నక్క తోక కాళ్ళ మధ్య దూర్చుకుని, నూకాలుకి ఇవ్వాల్సిన మొదటి గింజల మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు.

“అమ్మా, నేనిక ఈ పని మానేస్తాను,” అన్నాడు కోటిలింగం.

“మానేస్తే నీకు హాయిగా ఉంటుంది,” అంది మహలక్ష్మమ్మ. “వీల్లేదు. ఇకపై కింద పరిచిన తాడు తాడు కాదు. నడుముకి కట్టుకుని ఎదుట నిలబడ్డ ప్రతి ఒక్కరినీ చూసి, పేరు పెట్టి పిలిచి, అప్పుడు వెయ్యి. రెండు ఒడ్డుల్లోనూ ఒకే గడియలో. ఒక ఒడ్డున నువ్వు, రెండో ఒడ్డున నూకాలు. నూకాలు సరేనంటేనే నీ ముద్ర చెల్లుతుంది.”

అప్పటి నుంచీ అలాగే జరుగుతోంది. నూకాలుని బుట్టలో మోసుకెళ్ళి పరంజా మొదట్లో దింపుతారు. ఆమె ఒక్కొక్కరి ముడీ చేత్తో లాగి చూస్తుంది. అయ్యాక మేస్త్రి చేత కబురు పంపుతుంది. కోటిలింగం ఇప్పుడు తనిఖీ రోజున నీళ్ళు కూడా ముట్టడు. ఆయన ముద్రకి మళ్ళీ విలువ వచ్చిందని అడవిలో అంటారు. వచ్చే ఉంటుంది. నూకాలు మాత్రం ఆయన్ని మళ్ళీ మావా అని పిలవలేదు.

మోసపోయానని ఒప్పుకోవడానికి తనిఖీ చేసేవాడు సిగ్గుపడితే, ఆ సిగ్గు బరువు పైకెక్కిన వాళ్ళ నడుం మీద పడుతుంది.